సీతాలుని అడగాలట

"టీ పెట్టు మణీ, గవర్నమెంటు మమ్మల్ని క్షమించేసింది," అంటూ మా ఆయన గుమ్మంలో చెప్పులు విప్పారు. వెనకాల పార్టీ వాళ్ళు. ముందుగదిలో కుర్చీలు చాలక కొందరు మంచం మీద, కొందరు నా కుట్టుమిషను పక్కన గట్టు మీద కూర్చున్నారు.

నేను పెరట్లో చింతపండుతో పూజ సామాను తోముకుంటున్నాను. మార్గశిర మాసం, తెల్లవారితే లక్ష్మీవారం. కాపరానికి వచ్చిన ఏడు నుంచి ఈ నెలలో లక్ష్మీవారాల పూజ నేను మానలేదు. దీపపు సెమ్మె సగం తెల్లబడి సగం నల్లగా ఉండగానే వదిలేసి, చేతులు కడుక్కుని వంటింట్లోకి వెళ్ళాను. పాలు అంతమందికి సరిపోవు. ఆ మాట బయటికి అంటే "ఇంత సంతోషం రోజున కూడా నీ పాల గోలేనా" అని అందరి ముందూ అంటారు. అందుకని నీళ్ళు పోసి, నీళ్ళదనం తెలియకుండా అల్లం ఎక్కువ దంచి వేశాను. మన ఇళ్ళలో సంతోషాలు చాలావరకు ఇలాగే చిక్కబడతాయి.

సంగతేమిటంటే, పాత ప్రభుత్వం ఉన్నప్పుడు బంద్ రోజున మా ఆయన మీద, ఇంకొందరి మీద పెట్టిన కేసును ఇప్పుడొచ్చిన ప్రభుత్వం వెనక్కి తీసుకోబోతోంది. రాజకీయ కక్షతో పెట్టిన కేసులన్నీ ఎత్తేస్తున్నారట. మార్కెట్ కమిటీ చైర్మన్ పదవికి మా ఆయన పేరు పైకి వెళ్ళింది. కేసు ఒక్కటే అడ్డం. అదీ పోతే ఇంక జగదీశ్వరరావు గారి మనుషులు ఎంత మొత్తుకున్నా చైర్మన్ మన్మథరావే అని వచ్చినవాళ్ళు అంటున్నారు. జగదీశ్వరరావు గారంటే అదే పార్టీలో మా ఆయనకి పడనివాడు.

మా అత్తగారు రామాయమ్మ గారు జపమాల పక్కన పెట్టి మరీ ముందుగదిలోకి వచ్చారు. "సూసేవేటే, నా కొడుకు ఏ తప్పూ సెయ్యలేదని గవర్నమెంటే ఒప్పుకుంది," అన్నారు నాతో, కేసు పెట్టింది నేనే అయినట్టు. నేను టీ గ్లాసులు అందిస్తున్నాను. తప్పు చేయకపోతే క్షమించడం ఎందుకు, క్షమించారంటే తప్పు ఉన్నట్టే కదా అని లోపల అనుకున్నాను. పదో తరగతితో చదువు ఆపేసిన దాన్ని, నాకు లా పాయింట్లు తెలియవు. కాని రోజూ దేవుడి ముందు క్షమించమని అడిగేదాన్ని, ఆ మాట ఎప్పుడు వాడతారో ఆ మాత్రం తెలుసు.

అంతలో లాయరు రామచంద్రమూర్తి గారు ఫోన్ చేశారు. మా ఆయన స్పీకరు పెట్టారు, అందరూ వినాలని. లాయరు గారి మాట విన్నాక స్పీకరు ఎందుకు పెట్టానా అనుకుని ఉంటారు. "అంతా బాగానే ఉంది మన్మథరావు గారూ, కాని జడ్జిగారు ఆ దెబ్బ తగిలిన మనిషిని పిలిచి అడుగుతారు. ఆవిడ మాట వినకుండా ఇప్పుడు కేసు తీయరు. సోమవారం వాయిదా. ఆవిడ అభ్యంతరం లేదంటే చాలు, ఆ ఒక్క మాట."

"ఎవరు, ఆ బజ్జీల మనిషా?" అన్నారు మా ఆయన. "గవర్నమెంటే వద్దనుకున్నాక మధ్యలో దాన్ని అడగడమేటండీ?"

ఎవరో నవ్వారు. నేను ట్రే పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. సీతాలుని అడగాలట. అబీద్ సెంటర్లో బజ్జీలు వేసుకునే సీతాలుని కోర్టులో నిలబెట్టి, నీకిది సమ్మతమేనా అని అడుగుతారట. నన్ను ఈ ఇంట్లో కూరలో ఉప్పు సరిపోయిందా అని కూడా ఎవరూ అడగలేదు, సరిపోలేదని చెప్పడమే గాని. ఎరువుల షాపు ఎవరు చూస్తున్నారంటే మా ఆయన "నేనే" అంటారు. ఆయన పార్టీ ఆఫీసులో ఉంటే పొద్దున్న షట్టర్ ఎత్తేదీ, చెరకుకి ఏ మందు, జీడితోటకి ఏ మందు అని రైతులకి చెప్పేదీ నేను. అయినా వాళ్ళు బస్తా ఎత్తుకుంటూ "బాబు లేరేటమ్మా?" అంటారు. లేరు, అంటాను.

ఆ బంద్ రోజు నాకు బాగా గుర్తు. మా ఆయన మధ్యాహ్నం ఇంటికి వచ్చి, అన్నం తింటూ చెప్పారు. "బంద్ అంటే అందరూ మూసీసేరు. అది ఒక్కర్తే మూకుడు పెట్టుకుని కూకుంది. బంద్ నాడు బజ్జీలేటని ఒక్క తన్ను తన్నేను, బండి బోల్తా." మా అత్తగారు నవ్వారు. ఆయన విప్పేసిన ప్యాంటు నేనే ఉతికాను. కింద అంచు నిండా శనగపిండి, నూనె. మర్నాడు పేపర్లో ఆమె చెయ్యి కాలిన ఫొటో వచ్చాక మాట మారిపోయింది. జనం తోసుకోవడంలో స్టవ్వు దానంతటదే పడిపోయిందన్నారు. అదే లాయరుకి, అదే చుట్టాలకి, చివరికి మా ఇంట్లో మాకు మేము కూడా అదే చెప్పుకున్నాం. ఒక అబద్ధం ఇంట్లో అందరూ కలిసి తింటున్న అన్నంలాంటిదైపోతే, వద్దన్న మనిషే కంచం తన్నేసినట్టు కనిపిస్తుంది. ఆ అన్నాన్నే దేవుడికి నైవేద్యం కూడా పెడతాం. కేసు పోవాలని నేను కార్తీక సోమవారాలు బలిఘట్టం శివాలయంలో దీపాలు పెట్టాను, వరాహ నదిలో వదిలాను. వాయిదా ఉన్నప్పుడల్లా ఉపవాసం. కేసు వచ్చింది నా జాతకంలో శని వల్లనని అత్తగారు. కేసు పోయేది మాత్రం ఆవిడ కొడుకు పలుకుబడి వల్ల.

గ్లాసులు కడుగుతుంటే మా ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చారు. ఆయన అక్కడిదాకా వచ్చారంటే పని ఉన్నట్టే.

"రేపు నువ్వెళ్ళు సీతాలు ఇంటికి. బలిఘట్టంలోనే ఉంటుంది. చీర, జాకెట్టు గుడ్డ, పసుపు కుంకం, పళ్ళు పెట్టి పట్టుకెళ్ళు. ఆడమనిషి ఇంటికొచ్చి పసుపు కుంకం ఇస్తే ఏ ఆడదీ కాదనదు."

"మీరు రారా?"

"నాకు మీటింగు. అయినా నేనెళ్ళి దాని ముందు నిలబడితే ఏం బాగుంటుంది? చైర్మన్ అవబోయే మనిషిని."

"రేపు లక్ష్మీవారం," అన్నాను. "ఇంట్లోంచి ఏమీ బయటికి ఇవ్వకూడదు కదా."

అది మా అత్తగారు పెట్టిన రూలే. మార్గశిర లక్ష్మీవారం నాడు పక్కింటావిడ తోడుకి చెంచాడు పెరుగు అడిగితే ఇచ్చానని ఒక ఏడాది పండగలన్నింటికీ అదే మాట అన్నారు. ఇప్పుడు ముందుగదిలోంచే ఆవిడ గొంతు వినిపించింది. "మొగుడి పని మీదెల్తే లచ్చిమి ఏటీ అనుకోదులే. బేగి పూజ ముగించీసి ఎల్లు."

చీర ఎక్కడిదని అడిగితే మా ఆయన "నీ బీరువాలో కట్టనివి ఉంటాయి కదా, ఒకటి తియ్యి" అన్నారు. మా అన్నయ్య రాఖీకి పెట్టిన ఆకుపచ్చ చీర తీశాను. తన్ను ఆయనది, చీర నాది.

లక్ష్మీవారం పూజ చేశాను. పూజ అయ్యాక, తెలిసీ తెలియక చేసిన తప్పులు క్షమించమని అందరం లెంపలు వేసుకుంటాం. మా ఆయన కూడా వచ్చి వేసుకున్నారు. ఆయన్ని చూస్తూ ఉంటే ఒక సంగతి తట్టింది. కొబ్బరికాయ పీచు తీయడం, పువ్వులు కట్టడం, ప్రసాదం వండడం, ఉపవాసం ఉండడం, ఇవన్నీ ఆయన తరఫున నేనే చేస్తాను. లెంపలు మాత్రం ఆయనే వేసుకుంటారు. దేవుడి దగ్గర ఆ ఒక్క పనికి పెళ్ళాన్ని పంపలేదు. మరి సీతాలు దగ్గరికి నన్ను పంపుతున్నారు. దేవుడికి ఎంత తెలుసో అని భయం ఉన్నట్టుంది.

బలిఘట్టంలో అడిగితే గుడి వెనక వీధిలో సిమెంటు రేకుల ఇల్లు చూపించారు. ఎన్ని కార్తీకాలు ఆ వీధి మొదట్లో చెప్పులు విప్పానో. సీతాలు అరుగు మీద కూర్చుని సాయంత్రం బజ్జీలకి మిరపకాయలు చీరుతోంది. చాకు ఎడమచేతిలో ఉంది. కుడిచెయ్యి మిరపకాయని నొక్కి పట్టుకోడానికి మాత్రం పనికొస్తోంది. వేళ్ళు పూర్తిగా తెరుచుకోవు, చర్మం మోచేతి దాకా మెరుస్తూ బిగిసిపోయి ఉంది. నన్ను చూసి వెంటనే గుర్తుపట్టింది. "ఎరువుల సాపమ్మగోరు కదా," అని లేచి, లోపలికి పిలిచి చాప వేసింది.

నేను పళ్ళెం ముందు పెట్టి, మా ఆయన చెప్పిన వరసలోనే మొదలుపెడదామని కుంకుమ భరిణె మూత తీశాను. ఎవరింటికి పేరంటానికి వెళ్ళినా చేసే పనే, చెయ్యి దానంతట అదే లేచింది. అప్పుడు చూశాను, గోడకి ఫొటో. ప్లాస్టిక్ పూలదండ వేసిన మగమనిషి. కోర్టు మెట్ల దగ్గర నేను ఒకటి రెండుసార్లు చూసిన సింగన్న, సీతాలు భర్త.

చెయ్యి గాల్లో ఆగిపోయింది. నుదుటి వైపు తీసుకెళ్ళలేను, వెనక్కి తీసుకోలేను. సీతాలు నా చేతినీ ఫొటోనీ చూసి, నా కంటే ముందే తేరుకుంది.

"పర్లేదమ్మా. మీకెలగ తెలుస్తాది."

"ఎప్పుడు?"

"రొండేళ్ళ కిందట. జొరం అన్నారు, మూడ్రోజుల్లో ఎల్లిపోనాడు." ఆమె మిరపకాయల బుట్ట దగ్గరికి లాక్కుంది. "మీవోళ్ళకి తెలుసు కదేటి. ఓట్ల లిస్టులో పేరు కొట్టేయాల అని మీ పార్టీ కుర్రోళ్ళే వొచ్చి రాసుకెల్లేరు."

నాకు కళ్ళ వెంట నీళ్ళు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. ఏ ఇంట్లో ఎన్ని ఓట్లున్నాయో, ఎవరు పోయారో, ఎవరు పెళ్ళై వెళ్ళారో వీళ్ళకి తెలుసు. ఓటు పోయిందని తెలుసు. మనిషి పోయాడని తెలియదు. పసుపు కుంకుమ పెడితే కాదనదని ఎంత ధీమాగా చెప్పారు. ఇంట్లో ముగ్గురం కూర్చుని పళ్ళెం సర్దాం, పక్కన పార్టీ అంతా ఉంది, ఒక్కరు కూడా ఆ మనిషికి మొగుడున్నాడా అని అనుకోలేదు.

"పసుపు ఉంచీయండి, పిండిలోకి పనికొస్తాది," అంది సీతాలు. "కుంకం పట్టుకెల్లిపోండి. సీర కూడా. ఇదేటి, మీదేనా? మడత ఇప్పలేదు పాపం."

నాకు అబద్ధం చెప్పాలనిపించలేదు. "నాదే," అన్నాను.

"ఎందుకొచ్చేరో సెప్పండి. కేసు గురించే కదా."

చెప్పాను. సోమవారం కోర్టు, జడ్జిగారు అడుగుతారని. ఆమె కాదంటుందనీ, తిడుతుందనీ, నేను బతిమాలాల్సి వస్తుందనీ దారంతా భయపడుతూ వచ్చాను. కాళ్ళు పట్టుకోవాల్సి వస్తే ఎలాగా అని కూడా అనుకున్నాను. సీతాలు మాత్రం చాకు ఆపకుండానే "అలగే సెప్పీత్తానమ్మా" అంది.

"ఏం చెప్తావు?"

"మీరేటి సెప్పమంటే అదే. మా ఆయన బతికినన్నాళ్ళూ బండి మూసీసి కోర్టుకెల్లీవోడు, పొద్దున్నుంచి నిలబెట్టి సాయంత్రం పొమ్మనీవోరు. నానేటి నిలబడగల్ను. మీతో ఇరోదం పెట్టుకుని సెంటర్లో బండి పెట్టుకోగల్నా?" తర్వాత చాకు ఆపి, కొంచెం సిగ్గుగా అడిగింది. "అమ్మా, జడ్జిగోరు నిజంగా నన్నే అడుగుతారా? నా నోటితోనే సెప్పమంటారా?"

"నీ నోటితోనే."

"అయితే సెప్పండి, ఏటనాలి?"

లాయరు గారు చెప్పగా మా ఆయన నాకు నేర్పి పంపిన మాట నా దగ్గర సిద్ధంగా ఉంది. తోపులాటలో స్టవ్వు దానంతటదే పడిపోయింది, నాకు అభ్యంతరం లేదు. ఆ మాట ఆమెకి రెండుసార్లు చెప్పించి, వచ్చేయాలి. సీతాలు కళ్ళు నా మీదే ఉన్నాయి, పాఠం అప్పజెప్పడానికి కూర్చున్న పిల్లలా. అలా కూర్చోవడం నాకు తెలుసు. పెళ్ళిచూపుల్లో ఏమనాలో మా అమ్మ చెప్పింది, అత్తారింట్లో ఏమనాలో మేనత్త చెప్పింది, మా ఆయన లేరని అప్పులవాళ్ళకి ఏమనాలో మా ఆయనే చెప్పారు. నేనూ అలగే సెప్పీత్తాను అనే అన్నాను. ఎంత తేలిగ్గా ఒప్పుకుంటామో అప్పుడు తెలియదు. ఎదురుగా ఇంకో మనిషి ఒప్పుకుంటుంటే తెలిసింది. ఆమె తిట్టి ఉంటే లాయరు గారి మాటే నేర్పేసేదాన్నేమో.

"ఏం జరిగిందో అదే చెప్పు," అన్నాను.

సీతాలు నా ముఖంలోకి చూసింది, నేను పరీక్షిస్తున్నానేమో అని. "బాబుకి ఇబ్బంది కదమ్మా."

"నాకు తెలియదు సీతాలూ. నిన్ను అడుగుతామంటున్నారు. నేను నేర్పిన మాట నువ్వు చెప్తే, అడిగింది నిన్ను కాదు కదా."

ఆమె లేచి స్టవ్వు వెలిగించి టీ పెట్టింది. పాలు తక్కువే ఉన్నా నీళ్ళు కలపలేదు. నాకు ఒక్కదానికే పోసి, తను తాగలేదు. వచ్చేటప్పుడు "సోమారం మీరొస్తారా?" అని మాత్రం అడిగింది. వస్తానన్నాను.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన టీవీ ముందు ఉన్నారు. మీటింగు లేనట్టుంది.

"ఒప్పుకుందా?"

"ఆవిడ ఒప్పుకుంది. నేనే వద్దన్నాను."

ఆయన టీవీ సౌండు తగ్గించారు. నేను చెప్పింది అర్థం కావడానికి కాసేపు పట్టింది. మా అత్తగారికి ముందే అర్థమైంది. "అన్నం తింటన్నావా గడ్డి తింటన్నావా? మొగుణ్ణి జైలుకంపీడానికి ఎల్లేవేటే?" అన్నారు.

"జైలుకి పంపమనలేదు అత్తయ్యా. జరిగింది చెప్పమన్నాను." తర్వాత మా ఆయనతో అన్నాను. "సింగన్న పోయి రెండేళ్ళయిందట. నేను అతని ఫొటో ముందు కుంకుమ భరిణె తెరిచాను."

"అయ్యో," అన్నారు ఆయన. నిజంగానే అన్నారు, ఆయన చెడ్డమనిషి కాదు. వెంటనే మళ్ళీ, "అయితే ఏంటి? దానికీ కేసుకీ ఏం సంబంధం?"

"మీరు వెళ్ళండి. తప్పయిపోయిందని అడగండి. ఆవిడ సరేనంటే నేనే కొబ్బరికాయలు కొడతాను. మీరు అడిగితే సరేనంటుంది కూడా."

"బజ్జీల దాన్ని నేను అడగడమా? గవర్నమెంటు క్షమించాక?"

"గవర్నమెంటు చెయ్యి కాలలేదు కదండీ."

ఈ మాట అనాలని అనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది. ఆయన టీవీ సౌండు మళ్ళీ పెంచేశారు. శుక్ర, శనివారాలు నాతో మాట్లాడలేదు, అన్నం మాత్రం తిన్నారు. పనిమనిషి కొండలమ్మ చేత "మీ అమ్మగారిని మంచినీళ్ళు ఇమ్మను" అని కబురు చేసేవారు. ఆదివారం సాయంత్రం లాయరు గారు ఫోన్లో ధైర్యం చెప్పడం వినిపించింది. "ఏం పర్లేదు, అభ్యంతరం లేదనే అంటుంది. ఆ ఒక్క మాట చాలు. మీ ఇంట్లో వాళ్ళ సంగతి మీరు చూసుకోండి."

సోమవారం షాపు తెరవలేదు. షట్టర్ తాళం మా ఆయన కుర్చీ మీద పెట్టి, ఆటోలో బలిఘట్టం వెళ్ళి సీతాలుని ఎక్కించుకున్నాను. ఆమె తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, గుమ్మంలో నా కోసమే నిలబడి ఉంది. దారిలో నేను అడగలేదు, ఏం చెప్తావని.

కోర్టు హాల్లో వెనక బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం. మా ఆయన వాళ్ళు అటువైపు, తెల్ల చొక్కాలతో. ఆయన నన్ను సీతాలు పక్కన చూసి ముఖం తిప్పుకున్నారు. ప్రభుత్వం తరఫు లాయరు లేచి, ప్రజాప్రయోజనం దృష్ట్యా కేసు వెనక్కి తీసుకుంటున్నామని ఏదో చదివాడు. బంట్రోతు సీతాలు పేరు పిలిచాడు. ఆమె నా మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి, ముందుకు వెళ్ళి నిలబడింది. కాలిన చేతిని కొంగులో దాచుకోబోయి, మళ్ళీ బయటికి తీసింది.

"ఈ కేసు తీసేయడానికి మీకేమైనా అభ్యంతరం ఉందా అమ్మా?" అన్నారు జడ్జిగారు.

"అబ్యంతరం ఏటుంటాది బాబూ," అంది సీతాలు. రామచంద్రమూర్తి గారు ఊపిరి వదిలారు. "నా బండిని తన్నింది ఆ బాబే. నూని నా సేతిమీద పడింది. గవర్నమెంటు సెమించీసిందంటన్నారు. నన్ను సెమించమని ఎవులూ అడగలేదు. అడిగితే అప్పుడు సెప్తాను."

హాల్లో ఎవరూ నవ్వలేదు. జడ్జిగారు రాసుకోవడం ఆపి, కళ్ళజోడు మీదుగా మా ఆయన వైపు చూశారు. "మీరేమైనా చెప్పుకుంటారా?" అన్నారు.

మా ఆయన లేచారు. చొక్కా సర్దుకున్నారు. ఏదో అనబోయి, నా వైపు తిరిగారు. డాక్టరు గారు షుగర్ ఎంత ఉందంటే ఆయన అలాగే తిరుగుతారు. చుట్టాలు పెళ్ళిరోజు ఎప్పుడంటే, ఏ మాత్ర వేసుకుంటున్నారంటే, అలాగే. నేను చెప్తాను. ఇప్పుడు కూడా ఆయన అనవలసిన మాట నా నోట్లో తయారుగా ఉంది, ఎక్కడ ఆగాలో, ఎక్కడ చేతులు జోడించాలో అన్నీ తెలుసు. హాలంతా ఆయన చూపు వెంబడే నా వైపు తిరిగింది.

నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.